వలస వెళ్లిన నౌకా ఇంజనీరు జీవిత చరిత్ర రాయడం ఎలా?

సముద్రం దాటి వెళ్లి, పరాయి దేశంలో యంత్రాలు కనిపెట్టి పేరు తెచ్చుకున్నవారి గురించి తెలుగులో వచ్చే వ్యాసాలు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. పేదరికం, పట్టుదల, వరసగా నాలుగైదు ఆవిష్కరణలు, చివర ఒక విగ్రహం. చదవడం పూర్తయ్యేసరికి ఆ యంత్రం ఎలా పనిచేసిందో పాఠకుడికి తెలియదు, ముక్కూ మొహం తెలియని మనిషికి ఆ దేశంలో పని ఎవరిచ్చారో, డబ్బు ఎవరు పెట్టారో అంతకన్నా తెలియదు. అటువంటి జీవితాన్ని పత్రికకో, విజ్ఞాన సర్వస్వానికో, హైస్కూలు పిల్లల పుస్తకానికో రాయదలచినవారికి పనికివచ్చే పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. ఉదాహరణగా జాన్ ఎరిక్సన్‌ను తీసుకుంటున్నాను. ఆయన 1803 జూలై 31న స్వీడన్‌లోని వార్మ్‌లాండ్ ప్రాంతంలో పుట్టి, 1826లో ఇంగ్లండుకు, 1839లో అమెరికాకు వెళ్లి, 1889 మార్చి 8న న్యూయార్క్‌లో మరణించాడు. ఓడల చోదకచక్రానికి (ప్రొపెల్లర్‌కు), అమెరికా అంతర్యుద్ధంలో పోరాడిన ‘మానిటర్’ అనే ఇనుప యుద్ధనౌకకు ఆయన పేరు ముడిపడి ఉంది.

ఒక్క హెచ్చరిక ముందే చెప్పడం మంచిది. టెలిఫోన్ కంపెనీ స్థాపించిన లార్స్ మాగ్నస్ ఎరిక్సన్ కూడా వార్మ్‌లాండ్‌లోనే పుట్టాడు గాని ఆయన వేరు, ఈయన వేరు. ఫొటో పెట్టేటప్పుడు ఇద్దరినీ కలిపేయకుండా చూసుకోవాలి.

పూచీదారుల పట్టికతో మొదలుపెట్టండి

రాయడానికి కూర్చోగానే చాలామంది ఆవిష్కరణల పట్టిక వేసుకుంటారు. దాన్ని పక్కన పెట్టి, ఆ మనిషికి ఏ కాలంలో ఎవరు పూచీ పడ్డారన్న పట్టికను ముందు తయారుచేసుకోవాలని నా సలహా. సొంత ఊళ్లో ఇంజనీరుకు తండ్రి పేరు, బంధుబలగం, చదువుకున్న చోటు, తెలిసిన అధికారి ఉంటారు. వలస వెళ్లినవాడికి అవేవీ ఉండవు కనుక అతని ప్రతి యంత్రం వెనకా స్థానికుడైన ఒక భాగస్వామో, కొనుగోలుదారో, అధికారో తప్పక కనిపిస్తాడు. ఆ సంబంధం బాగున్నంతకాలం యంత్రం నడుస్తుంది, చెడినప్పుడు యంత్రం ఎంత మంచిదైనా కనిపెట్టినవాడికి రావలసిన డబ్బు ఆగిపోతుంది. ఎరిక్సన్ జీవితమంతా ఈ పట్టిక మీద ఆధారపడే అర్థమవుతుంది.

పట్టికలో మొదటి పేరు బాల్ట్‌జార్ ఫాన్ ప్లాటెన్. ఎరిక్సన్ తండ్రి ఓలోఫ్ గనుల పర్యవేక్షకుడు. పెట్టుబడులలో నష్టపోయి, 1810లో కుటుంబంతో సహా ఫోర్స్‌విక్‌కు తరలి, యోటా కాలువ తవ్వకంలో బండలు పేల్చే పనికి అధికారిగా కుదిరాడు. ఆ కాలువ నిర్మాణానికి నాయకుడైన ఫాన్ ప్లాటెన్ ఓలోఫ్ కొడుకులిద్దరి నేర్పును గమనించి శిక్షణలో చేర్చుకున్నాడు. పద్నాలుగేళ్లకే జాన్ కాలువ పని మీద సర్వే చేసేవాడని, కొలత పరికరం అందక పీట వేసుకుని నిలబడేవాడని చెబుతారు. పిల్లల కోసం రాసేవారు ఈ పీట సంగతి వదులుకోరు, వదులుకోనక్కరలేదు. అయితే దాని పక్కనే మరో విషయం రాయాలి. అన్న నీల్స్ స్వదేశంలోనే ఉండిపోయి, కాలువలూ రైలు మార్గాలూ కట్టి, ప్రభువంశీయుల హోదా పొందాడు. ఒకే ఇంట్లో, ఒకే కాలువ గట్టున, ఒకే గురువు దగ్గర తయారైన ఇద్దరిలో ఒకడు ఉండిపోయాడు, ఒకడు వెళ్లిపోయాడు. వలస మనిషిని ఎలా మార్చిందో చూపడానికి ఇంతకన్నా మంచి కొలబద్ద దొరకదు, మీరు రాసే మనిషికి కూడా అటువంటి అన్నో తమ్ముడో సహాధ్యాయో ఉన్నాడేమో తప్పక వెతకండి. నీల్స్ హోదా వచ్చాక ఇంటిపేరులో ఒక అక్షరం తగ్గించుకున్నాడు కాబట్టి స్వీడిష్ పత్రాలలో వెతికేటప్పుడు రెండు వర్ణక్రమాలూ ప్రయత్నించవలసి ఉంటుంది.

వెళ్లిన తీరును ఒక వాక్యంతో దాటేయకండి

‘ఉన్నత అవకాశాల కోసం విదేశాలకు వెళ్లాడు’ అన్న వాక్యం ఎవరికైనా సరిపోతుంది కాబట్టి ఎవరి గురించీ ఏమీ చెప్పదు. వెళ్లినప్పుడు చేతిలో ఏముంది, ఏ హోదాలో వెళ్లాడు, ఏ యంత్రాన్ని నమ్ముకుని వెళ్లాడు అన్న మూడు విషయాలు తేల్చుకుంటే చాలు. ఎరిక్సన్ అప్పటికి స్వీడన్ సైన్యంలో లెఫ్టినెంటు. సెలవు పెట్టి, అప్పు చేసి తెచ్చిన డబ్బుతో ఇంగ్లండు వెళ్లి, సెలవు గడువు దాటిపోయినా తిరిగి రాలేదు. సైన్యం నియమాల ప్రకారం అది పరారీ. స్వదేశంలో పలుకుబడి ఉన్నవారు కల్పించుకోవడం వల్ల శిక్ష తప్పి, కెప్టెన్ హోదా కూడా దక్కింది, ఆ వెంటనే రాజీనామా చేశాడు. తరవాత ప్రపంచమంతా ఆయనను ‘కెప్టెన్ ఎరిక్సన్’ అనే పిలిచింది. ఓడ కెప్టెన్ అని పొరబడి రాసినవారున్నారు, అది సైన్యంలో వచ్చిన బిరుదు.

ఇక నమ్ముకున్న యంత్రం. నీటిని కాచి ఆవిరి తీయకుండా మంట వేడినే నేరుగా పనిలో పెట్టే యంత్రాన్ని ఆయన స్వీడన్‌లో నడిపి చూపించాడు. అక్కడ పొయ్యిలో వేసింది కట్టె. ఇంగ్లండులో దొరికేది బొగ్గు. బొగ్గు మంట వేడికి యంత్రం తట్టుకోలేకపోయింది. దేశం మారితే ఇంధనం మారుతుంది, ఇంధనం మారితే యంత్రం మారాలి. వలస జీవితపు కష్టం గురించి పేజీలకు పేజీలు రాయడం కన్నా ఈ ఒక్క వివరం ఎక్కువ చెబుతుందని నేను అనుకుంటాను. మీరు రాసే మనిషి జీవితంలో కూడా భాష, ఆహారం, చలి వంటి మామూలు కష్టాల దగ్గర ఆగకుండా, కొత్త దేశపు ముడిసరుకు, కొలతలు, కార్ఖానా పద్ధతి అతని పనిని ఎలా మార్చాయో వెతకాలి.

లండన్‌లో ఆయనకు పూచీ జాన్ బ్రెయిత్‌వెయిట్ అనే యంత్రాల తయారీదారు. ఇద్దరూ కలిసి ఆవిరితో నడిచే అగ్నిమాపక యంత్రం చేశారు, 1829 అక్టోబరులో రెయిన్‌హిల్ దగ్గర జరిగిన రైలు ఇంజన్ల పోటీకి ‘నావెల్టీ’ని హడావిడిగా కట్టి తీసుకువెళ్లారు. అది అందరికన్నా వేగంగా పరుగెత్తి ప్రేక్షకులను మెప్పించింది గాని జాయింట్లు నిలవక ఆగిపోయింది, 500 పౌన్ల బహుమతి స్టీఫెన్సన్ల ‘రాకెట్’కు వెళ్లింది. రైలు ఇంజన్ సంగతి మన విషయానికి పక్కదారి, ఒక పేరా చాలు.

యంత్రాన్ని సమస్య వైపు నుంచి వివరించండి

నౌకా ఇంజనీరు జీవితంలో అసలు కథ యంత్రమే. దాన్ని వివరించేటప్పుడు భాగాల పేర్లతో మొదలుపెడితే పాఠకుడు రెండో వాక్యంలోనే జారుకుంటాడు. అంతకుముందు ఉన్న యంత్రంతో వచ్చిన ఇబ్బంది ఏమిటో ముందు చెప్పాలి.

1830లలో ఆవిరి ఓడలు రెండు పక్కలా ఉండే పెద్ద తెడ్డుచక్రాలతో నడిచేవి. నది మీద అవి బాగానే ఉంటాయి. నడిసముద్రంలో ఓడ ఒక పక్కకు ఒరిగితే ఒక చక్రం గాలిలో తిరుగుతుంది, రెండోది లోతుగా మునిగి ఇంజన్‌ను పట్టేస్తుంది. ప్రయాణం మొదట్లో బొగ్గు బరువుతో ఓడ కిందికి దిగి ఉంటుంది, బొగ్గు ఖర్చయ్యేకొద్దీ పైకి తేలుతుంది, కనుక చక్రం మునిగే లోతు రోజురోజుకూ మారిపోతుంది. యుద్ధనౌకకైతే మరో ప్రమాదం ఉంది. చక్రాలూ వాటిని తిప్పే యంత్రాలూ నీటిమట్టానికి పైన ఉంటాయి కాబట్టి ఒక్క గుండు తగిలితే ఓడ కదలకుండా నిలిచిపోతుంది. పైగా పక్కలంతా చక్రాలే ఆక్రమిస్తే ఫిరంగులకు చోటు తగ్గుతుంది. ఇంతవరకూ చెప్పాక, ఓడ వెనక భాగంలో, నీటి అడుగున, మర (స్క్రూ) తిరిగినట్టు తిరుగుతూ నీటిని వెనక్కు నెట్టే చక్రం అంటే పాఠకుడికి దాని అవసరం తనంత తానే తెలుస్తుంది. ఎరిక్సన్ 1836లో పేటెంటు పొందిన రూపంలో ఒకదాని వెనక ఒకటిగా రెండు చక్రాలు వ్యతిరేక దిశలలో తిరిగేవి. ముందు చక్రం నీటికి ఇచ్చిన సుడిని వెనక చక్రం తిరిగి ఉపయోగించుకోవాలన్నది అందులోని ఉద్దేశం.

బొమ్మ గీయించగలిగితే తెడ్డుచక్రం ఓడ ఒరిగినప్పటి ముందు దృశ్యమూ, మర చక్రం ఓడ పక్క దృశ్యమూ ఒకే పేజీలో వేయించండి. పేటెంటు పత్రాలలోని బొమ్మలు అందంగా ఉంటాయి గాని వాటిని యథాతథంగా అచ్చువేస్తే సామాన్య పాఠకుడికి ఏమీ అందదు.

‘మొట్టమొదట’ అన్న మాటను ఆపి చూడండి

చోదకచక్రాన్ని ఎరిక్సన్ కనిపెట్టాడని చాలాచోట్ల ఒక్క ముక్కలో రాస్తారు. అది నిలబడే మాట కాదు. అమెరికాలో జాన్ స్టీవెన్స్ 1804లోనే మర చక్రాలతో చిన్న ఆవిరి పడవ నడిపాడు. ఆస్ట్రియా సామ్రాజ్యంలో యోసెఫ్ రెసెల్‌కు 1827లో పేటెంటు వచ్చింది. ఇంగ్లండులోనే ఫ్రాన్సిస్ పెటిట్ స్మిత్ 1836 మే 31న పేటెంటు తీసుకుంటే ఎరిక్సన్ పేటెంటు తేదీ అదే ఏడు జూలై 13. ఆరు వారాల తేడా. స్మిత్ మార్గంలో వచ్చిన ‘ఆర్కిమిడీస్’ నౌక బ్రిటిష్ నౌకాదళాన్నీ ప్రసిద్ధ ఇంజనీరు బ్రునెల్‌నూ ఒప్పించింది, ఎరిక్సన్ మార్గం అమెరికాలో వేళ్లూనింది. కాబట్టి ‘కనిపెట్టాడు’ అనే చోట ‘పనికివచ్చే రూపం ఇచ్చి, నౌకాదళంలోకి తెచ్చినవారిలో ఒకడు’ అని రాస్తే వాక్యం కాస్త బరువెక్కినా నిజం చెక్కుచెదరదు. మానిటర్ మీద తిరిగే ఫిరంగి గది విషయమూ ఇంతే. అటువంటి ఆలోచనను అమెరికాలో థియొడోర్ టింబీ 1843 నాటికే నమోదు చేసుకున్నాడు, ఎరిక్సన్ భాగస్వాములు అతనికి రాయల్టీ చెల్లించారు. ఇంగ్లండులో కూపర్ కోల్స్ విడిగా అదే దారిలో పనిచేశాడు. ఈ పేర్లు చేర్చడం వల్ల కథానాయకుడు చిన్నవాడైపోతాడన్న భయం అక్కర్లేదు.

సాక్ష్యం ఏ పక్షానిదో చూడండి

1837లో ఎరిక్సన్ తన చిన్న పడవతో థేమ్స్ నది మీద బ్రిటిష్ నౌకాదళపు పెద్దలు కూర్చున్న నావను లాగి చూపించాడు. ఆ పడవ పేరు ‘ఫ్రాన్సిస్ బి. ఆగ్డెన్’, లివర్‌పూల్‌లోని అమెరికా కాన్సల్ పేరే దానికి పెట్టారు, పట్టికలో మూడో పూచీదారు ఆయనే. ప్రదర్శన బాగా జరిగినా నౌకాదళం ఆసక్తి చూపలేదు. వెనక నుంచి నెడితే ఓడను తిప్పడం సాధ్యం కాదని, నౌకాదళపు ఓడల రూపకల్పన చూసే ‘సర్వేయరు’ సర్ విలియం సైమండ్స్ అభిప్రాయపడ్డాడన్న కథ ప్రతి పుస్తకంలోనూ కనిపిస్తుంది. ఆ కథ మనకు చేరింది ఎరిక్సన్ పక్షం నుంచి. అటువంటప్పుడు ‘ఎరిక్సన్, ఆయన మిత్రులు చెప్పిన ప్రకారం’ అన్న నాలుగు మాటలు చేర్చడం నిజాయితీ. అలాగే మానిటర్ నమూనాను చూసి లింకన్ విసిరిన చమత్కారం, నౌకాదళ బోర్డు సభ్యుడు డేవిస్ చేసిన వెటకారం, ఈ రెండూ చాలా ప్రసిద్ధం. ఆ సంగతులు ఏళ్ల తరవాత గుర్తు తెచ్చుకుని రాసినవాడు కార్నీలియస్ బుష్‌నెల్, ఎరిక్సన్ భాగస్వామి. వాడుకోవచ్చు, కాని బుష్‌నెల్ నోటి మాటగానే వాడుకోవాలి.

వలస వచ్చినవాడితో తగాదా పడిన స్థానికుల వాదన కూడా వినాలి. 1829లో ఆర్కిటిక్‌కు వెళ్లిన జాన్ రాస్ నౌక ‘విక్టరీ’కి బ్రెయిత్‌వెయిట్, ఎరిక్సన్‌లు ఇంజన్ సమకూర్చారు. అది పనిచేయలేదని రాస్ దాన్ని విప్పించి మంచు మీద పారవేయించి, తిరిగి వచ్చాక తయారీదారులను తప్పుపట్టాడు. ఓడ ఎక్కడికి వెళుతుందో తమకు చెప్పనే లేదన్నది తయారీదారుల జవాబు. ఇద్దరి మాటా రాసి, తీర్పు పాఠకుడికి వదిలితే చాలు.

ప్రమాదాన్ని రాసే పద్ధతి

ఆగ్డెన్ ద్వారా పరిచయమైన అమెరికా నౌకాదళ అధికారి రాబర్ట్ స్టాక్టన్ నాలుగో పూచీదారు. ఆయన మాట మీదే ఎరిక్సన్ 1839లో న్యూయార్క్ చేరాడు. అమెరికాలో చోదకచక్రానికి 588వ నంబరు పేటెంటు ఆయన పేర అంతకుముందు ఏడాదే, అంటే 1838 ఫిబ్రవరి 1న, నమోదై ఉంది. ఇద్దరి కృషితో ఫిలడెల్ఫియాలో 1843లో ‘ప్రిన్స్‌టన్’ జలప్రవేశం చేసింది. మర చక్రంతో నడిచిన తొలి ఆవిరి యుద్ధనౌక అది, యంత్రాలన్నీ నీటిమట్టానికి దిగువనే ఉన్నాయి.

ఆ ఓడ మీద రెండు పెద్ద ఫిరంగులు ఉండేవి. ఒకటి ఎరిక్సన్ రూపకల్పన. పరీక్షలో పగులు కనబడగా గొట్టం మొదలు భాగం చుట్టూ ఇనుప పట్టీలు వేడిచేసి తొడిగి గట్టిపరిచాడు. దాన్ని చూసి స్టాక్టన్ సొంతంగా చేయించిన రెండోదానికి ‘పీస్‌మేకర్’ అని పేరు పెట్టాడు. లోహం మందం పెంచాడు గాని పట్టీలు తొడిగించలేదు. 1844 ఫిబ్రవరి 28న అధ్యక్షుడు టైలర్, మంత్రులు, వారి కుటుంబాలు పొటోమాక్ నదిపై విహరిస్తుండగా పీస్‌మేకర్ పేలిపోయింది. విదేశాంగ మంత్రి ఏబెల్ అప్‌షర్, నౌకాదళ మంత్రి థామస్ గిల్మర్ సహా ఆరుగురు చనిపోయారు.

ఇక్కడ రచయిత చేయవలసిన పనులు రెండు. మొదటిది, ఆరుగురి పేర్లూ రాయడం. చాలా వ్యాసాలు ఇద్దరు మంత్రుల దగ్గర ఆగిపోతాయి. కెప్టెన్ కెనన్, వర్జిల్ మాక్సీ, డేవిడ్ గార్డినర్‌లతో పాటు అధ్యక్షుడికి బానిసగా ఉన్న ఆర్మిస్టెడ్ అనే సేవకుడు కూడా ఆ రోజు చనిపోయాడు. రెండోది, తరవాత ఏం జరిగిందో పత్రాల ఆధారంగా చెప్పడం. స్టాక్టన్ పలుకుబడి గల కుటుంబం నుంచి వచ్చినవాడు. నింద ఎరిక్సన్ వైపు మళ్లింది. ప్రిన్స్‌టన్ పనికి ఎరిక్సన్ పెట్టిన సుమారు 15,000 డాలర్ల బిల్లు చెల్లించనక్కరలేదని, ఆయన స్వచ్ఛందంగా చేసిన సేవ అని స్టాక్టన్ నౌకాదళానికి తెలియజేశాడు. క్లెయిముల కోర్టు తరవాత ఎరిక్సన్‌కు అనుకూలంగా చెప్పినా, ఆ సొమ్ము మంజూరుకు అమెరికా చట్టసభ కాంగ్రెస్ ఒప్పుకోలేదు. పూచీదారు ఎదురు తిరిగితే వలస ఇంజనీరు గతి ఏమిటో చెప్పడానికి విశేషణాలు అక్కర్లేదు, ఆ బిల్లు ఒక్కటి చాలు. 1848లో ఆయన అమెరికా పౌరసత్వం తీసుకున్నాడు, బిల్లు అప్పటికీ అలాగే ఉంది.

ఓడిపోయిన యంత్రానికీ చోటివ్వండి

వైఫల్యాన్ని ‘కొన్ని ప్రయోగాలు ఫలించలేదు’ అని చుట్టేయడం కన్నా, అది ఎందుకు ఫలించలేదో వివరించడంలోనే మీ శ్రమ పాఠకుడికి ఎక్కువ ఉపయోగపడుతుంది. ఎరిక్సన్‌కు జీవితకాలపు మోజు వేడి గాలితో నడిచే ఇంజన్. సిలిండరులో పనిచేసి బయటికి పోయే వేడి గాలి తీగల జల్లెడ గుండా వెళుతూ తన వేడిని అక్కడ వదులుతుంది, లోపలికి వచ్చే చల్లని గాలి అదే జల్లెడ దాటుతూ ఆ వేడిని తిరిగి తీసుకుంటుంది. ఈ సూత్రం స్కాట్లండులో స్టెర్లింగ్ 1816లోనే వాడాడు. ఎరిక్సన్ ఆశ ఇంకా పెద్దది. వేడిని మళ్లీ మళ్లీ వాడుకోవచ్చునని, పని చేసినంత మాత్రాన అది ఖర్చు కాదని ఆయన నమ్మాడు. సరిగ్గా ఆ సంవత్సరాలలోనే భౌతిక శాస్త్రవేత్త జూల్ ప్రయోగాలు దానికి విరుద్ధమైన సంగతి రుజువు చేస్తున్నాయి. పని పుట్టిన మేరకు వేడి ఖర్చవుతుంది.

ఆ నమ్మకంతోనే, మదుపుదారుల డబ్బుతో ‘ఎరిక్సన్’ అనే ఓడ కట్టించాడు. దాని నాలుగు పని సిలిండర్లలో ఒక్కొక్కటీ 14 అడుగుల వ్యాసం. ఆవిరితో పోలిస్తే వేడి గాలి ఒత్తిడి చాలా తక్కువ కనుక, తగిన బలం రావాలంటే సిలిండరు వైశాల్యాన్ని అంతగా పెంచక తప్పలేదు. 1853 జనవరిలో న్యూయార్క్ పత్రికలు ఆవిరి యుగం ముగిసిందన్నంతగా పొగిడాయి. ఓడ నడిచింది, కాని వేగం చాలలేదు. 1854లో రేవులోనే ఈదురుగాలికి మునిగింది, పైకి తీసి మామూలు ఆవిరి ఇంజన్లు బిగించారు. ఇక్కడితో ఆపేస్తే సగం కథే అవుతుంది. అదే ఇంజన్‌ను చిన్నది చేసి, అచ్చు యంత్రాలకూ, ఇళ్లలో పై అంతస్తులకు నీళ్లు ఎక్కించడానికీ అమ్మితే మంచి గిరాకీ వచ్చింది. బాయిలర్ పేలే భయం లేదు, తర్ఫీదు పొందిన మనిషి అక్కర్లేదు. అమెరికన్ అకాడమీ 1862లో రమ్‌ఫర్డ్ బహుమతి ఇచ్చింది ఈ చిన్న ఇంజన్‌కే. పెద్దగా ఓడి, చిన్నగా గెలిచిన ఈ యంత్రానికి మానిటర్‌కు ఇచ్చినంత చోటూ ఇవ్వాలని నా అభిప్రాయం. సంపాదకులు సాధారణంగా ఒప్పుకోరు.

ప్రసిద్ధమైన అంకెను చేత్తో లెక్కవేయండి

మానిటర్‌ను వంద రోజులలో కట్టారని అందరూ రాస్తారు. క్యాలెండరు ముందు పెట్టుకుని చూడండి. కాంట్రాక్టు మీద సంతకాలు 1861 అక్టోబరు 4న జరిగాయి. ధర 2,75,000 డాలర్లు, గడువు 100 రోజులు, ఓడ విఫలమైతే సొమ్ము వెనక్కి ఇవ్వాలి. బ్రూక్లిన్‌లోని గ్రీన్‌పాయింట్‌లో అడుగు దూలం వేసింది అక్టోబరు 25న. జలప్రవేశం 1862 జనవరి 30న. నౌకాదళం సేవలోకి తీసుకున్నది ఫిబ్రవరి 25న. దూలం నుంచి జలప్రవేశం దాకా 97 రోజులు, సంతకం నుంచి జలప్రవేశానికి 118, సేవలో చేరడానికి 144. గడువు జనవరి 12తోనే ముగిసింది. ‘వంద రోజులు’ అన్న మాట ఎక్కడినుంచి ఎక్కడికో చెప్పకుండా వాడితే తప్పు, చెప్పి వాడితే అద్భుతమే, ఎందుకంటే అటువంటి ఓడ అంతకుముందు ఎవరూ కట్టి ఉండలేదు.

ఈ ఘట్టంలో పట్టిక మళ్లీ పనికివస్తుంది. ప్రిన్స్‌టన్ తరవాత నౌకాదళం మొహం చూడనన్న మనిషి దగ్గరికి వెళ్లి, వేరే ఓడ నిలకడ గురించి సలహా అడిగి, మానిటర్ నమూనాను చూసి, దాన్ని వాషింగ్టన్‌కు మోసుకువెళ్లినవాడు బుష్‌నెల్. ఇనుప వ్యాపారులు గ్రిస్‌వోల్డ్, విన్స్‌లో డబ్బూ పలుకుబడీ జోడించారు. ఓడ పొట్ట కట్టింది థామస్ రోలండ్ కార్ఖానా, ఇంజన్లు చేసింది చిరకాల మిత్రుడు డెలమేటర్ కార్ఖానా, ఫిరంగి గది మరో కార్ఖానాలో తయారైంది. ఒక్కడే కట్టినట్టు రాస్తే గడువు ఎలా సాధ్యమైందో అర్థం కాదు. పనిని ముక్కలు చేసి నాలుగు చోట్ల ఒకేసారి నడిపించగలగడం, దానికి కావలసిన డ్రాయింగులు ఏ రోజుకు ఆ రోజు అందించగలగడం ఎరిక్సన్ అసలు ప్రతిభ.

పోరాట వర్ణన కుదించవచ్చు. మార్చి 8న దక్షిణాది ఇనుప నౌక ‘వర్జీనియా’ హాంప్టన్ రోడ్స్ అనే రేవులో ‘కంబర్లాండ్’, ‘కాంగ్రెస్’ అనే రెండు కొయ్య యుద్ధనౌకలను నాశనం చేసింది. మర్నాడు మానిటర్ దానికి ఎదురు నిలిచి సుమారు నాలుగు గంటలు పోరాడింది, ఎవరూ గెలవలేదు. ఇంజనీరు జీవితం రాసేవారు దానికన్నా అక్కడికి చేరిన ప్రయాణం మీద నిలవాలి. 20 అడుగుల లోపలి వ్యాసం, ఎనిమిది పొరల ఇనుప రేకులు గల ఫిరంగి గది దాని అడుగునున్న లోహపు కంకణం మీద తన బరువుతోనే నీళ్లు దిగకుండా అమరాలన్నది రూపకల్పన. బయలుదేరేముందు దాన్ని పైకెత్తి సందులో జనపనార కుక్కారు, నార కొట్టుకుపోయి నీళ్లు దిగాయి. డెక్కు నీటికి అడుగున్నర ఎత్తులోనే ఉన్నందున అలలు గాలిగొట్టాలలోకి దూకి, పంకాలు తిప్పే బెల్టులు తడిసి జారి, పొగ, విషవాయువు నిండి ఇంజనుగదిలోని మనుషులు స్పృహ తప్పారు. అదే ఏడు డిసెంబరు 31న హాటెరస్ అగ్రం దగ్గర తుపానులో ఓడ మునిగి 16 మంది చనిపోయారు. నదులలో, తీరం దగ్గర పోరాడటానికి సరిపోయే ఎత్తే నడిసముద్రంలో దాన్ని ముంచిందని ఒకే వాక్యంలో చెప్పాలి. గొప్పతనం ఒక పేజీలో, లోపం ఇంకో పేజీలో పెడితే రెండింటికీ మూలం ఒకటే అన్న సంగతి మరుగున పడుతుంది.

ఇల్లు

కొడుకు హ్యాల్మార్ 1824లో పెళ్లికి బయట పుట్టాడు, తండ్రి వెళ్లిపోయాక స్వీడన్‌లోనే పెరిగి రైల్వే ఇంజనీరు అయ్యాడు. 1836లో పెళ్లాడిన అమీలియా బైయమ్ న్యూయార్క్ వచ్చి, ఇమడలేక ఇంగ్లండు తిరిగి వెళ్లి, 1867లో అక్కడే చనిపోయింది. ఎరిక్సన్ డబ్బు పంపేవాడు. ఈ నిజాలు రాయాలి, వారి మనసులలో ఏముందో ఊహించి రాయకూడదు. చివరి దశాబ్దాలలో బీచ్ స్ట్రీట్ ఇంట్లో ఒంటరిగా డ్రాయింగ్ బల్ల ముందే గడిపాడు, సూర్యరశ్మితో నడిచే ఇంజన్ మీద సొంత డబ్బు ఖర్చుపెట్టాడు. మన పాఠకులకు ఈ సౌరయంత్రం ఆసక్తి కలిగిస్తుంది కనుక రెండు పేరాలు కేటాయించవచ్చు.

ఆధారాలు, చివరి పరిశీలన

ఆయన కాగితాలు వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లోనూ, ఫిలడెల్ఫియాలోని స్వీడిష్ మ్యూజియంలోనూ ఉన్నాయి. 1890లో వచ్చిన రెండు సంపుటాల జీవిత చరిత్ర స్వేచ్ఛగా దొరుకుతుంది, అది అభిమాని రాసినదని గుర్తుంచుకుని చదవాలి. మానిటర్ శకలాలను 1973లో కనుగొన్నారు, 2002లో ఫిరంగి గదిని పైకి తీసి న్యూపోర్ట్ న్యూస్‌లోని మారినర్స్ మ్యూజియంలో భద్రపరుస్తున్నారు. కొలతల విషయంలో పాత పుస్తకాలకూ మ్యూజియం నివేదికలకూ తేడా వస్తే మ్యూజియాన్నే నమ్మండి, వారు వస్తువును ఎదుట పెట్టుకుని కొలిచారు.

అమెరికా నౌకాదళం 1890లో ‘బాల్టిమోర్’ అనే యుద్ధనౌకలో ఆయన పార్థివ దేహాన్ని స్వీడన్‌కు చేర్చింది, సమాధి ఫిలిప్‌స్టాడ్‌లో ఉంది. 1826లో వెళ్లిపోయాక ఆయన బతికుండగా మళ్లీ స్వదేశం వెళ్లలేదు కాబట్టి ‘స్వదేశానికి తిరిగి వచ్చి’ వంటి వాక్యాలు ఎక్కడైనా దొర్లాయేమో చూసి కొట్టివేయండి. చిత్తు ప్రతి పూర్తయ్యాక ఇద్దరి చేత చదివించాలి. ఒకరు ఇంజనుగదిలో పనిచేసినవారు. విశాఖ నౌకా నిర్మాణ కేంద్రంలోనో, వ్యాపార నౌకలలోనో ఉద్యోగం చేసి వచ్చిన తెలుగువారిని వెతికితే దొరుకుతారు, షాఫ్టు, బేరింగు, కండెన్సరు వంటి మాటలు వారు పలికినట్టే రాసుకోండి, నిఘంటువులోంచి సంస్కృత పదాలు తెచ్చి అతికించవద్దు. రెండోవారు ఓడ ఎన్నడూ ఎక్కనివారు. వారు ఏ వాక్యం దగ్గర ఆగి వెనక్కు వెళ్లి చదివారో పెన్సిలుతో గుర్తు పెట్టించి, ఆ వాక్యాలను తిరగరాయండి.